ప్రభుత్వ బడులన్నిటికీ డబ్బులిచ్చేది ఒకే ప్రభుత్వం కదా, బడికీ బడికీ ఇంత తేడా ఎందుకు?

పాకాల జంక్షన్
అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో డ్రైవింగ్ చేస్తాను, మా వాళ్లంతా పాకాల పక్కన పల్లెలో ఉంటారు. మా అక్క కూతురు అయిదో తరగతి అయిపోయి ఆరులో చేరాలి. టీసీ కోసం ఊరి మండల పరిషత్ బడికి, అడ్మిషన్ కోసం టౌన్‌లో ఒక హైస్కూలుకి రెండు చోట్లకీ నేనే వెళ్లాను. టౌన్ బడిలో క్లాసు క్లాసుకీ పెద్ద డిజిటల్ బోర్డు, దాత పేరు రాసిన నీళ్ల ప్లాంటు, సబ్జెక్టుకో టీచరు. ఊరి బడిలో అయిదు తరగతులకీ కలిపి ఒకే మేడమ్. గోడకు స్మార్ట్ టీవీ ఉంది, నెట్ లేదు. బాత్రూమ్ మోటర్ కాలిపోయి ఉంది, రిపేరుకి డబ్బుల్లేవన్నారు.

రెండూ ప్రభుత్వ బడులే. పుస్తకాలు అవే, బ్యాగు అదే, మధ్యాహ్నం గుడ్డు అదే. మరి తేడా ఎక్కడ మొదలవుతోంది? ఏ పార్టీ ఏం చేసిందని కాదు, డబ్బు లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

బైపాస్ రోడ్
డబ్బు సమస్యే కాదన్నా. గవర్నమెంట్ టీచర్ జీతం, ప్రైవేట్ టీచర్ జీతం పక్కపక్కన పెట్టి చూడండి. మా పిల్లలు ప్రైవేట్‌లో చదువుతున్నారు, వాళ్ల టీచర్లకు ఇచ్చేది మీ మేడమ్ జీతంలో నాలుగో వంతు కూడా ఉండదు. అయినా హోంవర్క్ రోజూ దిద్దుతారు. ఎంత పోసినా కింద చిల్లు ఉంటే నిండదు.

కొర్లగుంట
మీ పిల్లల ఫీజు ఎంతో కూడా చెప్పండి మరి. మేము లాడ్జిల్లో బట్టలుతికి బతికేవాళ్లం, మా ఇద్దరూ మున్సిపల్ స్కూల్లోనే చదువుతున్నారు. టీచర్లు బాగానే చెబుతున్నారు. మా బాధ వేరే. సైన్సు సారు బదిలీ అయిపోయాక ఆ పోస్టు చాలా కాలం ఖాళీ. పిల్లోడు పదో తరగతి. ట్యూషన్‌కి పంపే స్తోమత ఉన్నవాళ్లు పంపించారు, మేము పంపలేదు.

రిటైర్డ్ లెక్కల సారు
పాకాల తమ్ముడు లెక్క అడిగాడు కాబట్టి లెక్కే చెబుతాను. చిత్తూరు జిల్లాలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా దిగిపోయినవాణ్ణి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

బడికి వచ్చే డబ్బు ఒక సంచీలోంచి రాదు. జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి. బడి ఖర్చులకిచ్చే గ్రాంటు సమగ్ర శిక్ష పథకం నుంచి, అందులో కేంద్రం 60, రాష్ట్రం 40. గదులు, ప్రహరీలు ఎప్పుడో ఒకసారి వచ్చే పథకాల నుంచి. ఇవి కాక దాతలు, కంపెనీలు, పూర్వ విద్యార్థులు. తిరుపతిలో టీటీడీ సొంతంగా నడిపే బడుల సంగతి మళ్లీ వేరు, వాటికి వెనక దేవస్థానం ఉంది.

ముందు గ్రాంటు చూద్దాం. 30 మందిలోపు పిల్లలుంటే ఏడాదికి 10,000. 31 నుంచి 100 వరకు 25,000. 250 వరకు 50,000. 1000 వరకు 75,000. అది దాటితే లక్ష. ఇందులో కనీసం 10 శాతం శుభ్రతకే ఖర్చు చేయాలి. మీ ఊరి బడిలో 12 మంది ఉన్నారనుకోండి. 10,000లో శుభ్రతకు వెయ్యి పక్కన పెడితే 9,000, నెలకు 750 రూపాయలు. కరెంటు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, నెట్, తాళం పోతే తాళం, అన్నీ అందులోనే. మోటర్ వైండింగ్‌కే ఎంతవుతుందో మీకు తెలుసు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. తలసరి లెక్కేస్తే ఆ 12 మంది బడికే ఎక్కువ ఇచ్చినట్టు కనిపిస్తుంది, ఒక్కొక్కరికి 833. వెయ్యి మంది ఉన్న బడికి తలకు 75 రూపాయలే. ఆఫీసులో ఈ కాగితం చూసినవాళ్లు చిన్న బడికి అన్యాయం ఎక్కడుందని అడుగుతారు. కానీ మోటరుకీ, మీటరుకీ, గేటుకీ పిల్లల సంఖ్యతో పనిలేదు. పన్నెండు మంది ఉన్నా, నూట ఇరవై మంది ఉన్నా ఒక మోటరు ఒక మోటరే.

జీతం దగ్గరికి వస్తే ఈ తమాషా ఇంకా పెద్దది. టీచరు జీతం 70,000 అనుకుందాం. 12 మంది ఉన్న ఏకోపాధ్యాయ బడిలో ఒక్కో పిల్లవాడి మీద ఏడాదికి 70,000 పడుతుంది. 60 మంది, ఇద్దరు టీచర్లు ఉన్న బడిలో 28,000. కాబట్టి ఏ పట్టిక చూసినా మన పల్లె పిల్లవాడి మీదే ఎక్కువ ఖర్చు పెడుతున్నట్టు ఉంటుంది. బైపాస్ రోడ్ గారు అన్న చిల్లు ఇదే అనుకుంటారు చాలామంది. కానీ ఆ పిల్లవాడికి అందేది ఏమిటి? అయిదు తరగతులకు ఒకే మనిషి. రోజులో ఆమె సమయంలో అయిదో వంతు. అందులోంచి భోజనం ఫొటోలు, హాజరు యాప్, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు నుంచి వచ్చే ఫోన్లు తీసేయండి.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రైమరీలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు ఉండాలి. ఒక్కరే ఉండొచ్చని అందులో లేదు. 2024-25 లెక్కల్లో దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ బడులున్నాయి. వాటిలో మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే, 12,912.

పాకాల జంక్షన్
సారూ, ఇది నేను అనుకున్నదానికి పూర్తిగా తిరగబడింది. పైసలు ఎక్కువ, చదువు తక్కువ!

ఏకోపాధ్యాయిని
సార్ చెప్పిన బడిలాంటిదే మాది. ఎర్రావారిపాళెం వైపు, అడవి అంచున. ఊరు చెప్పను, ఇక్కడ మా వాళ్లు కూడా చదువుతారు.

ఒకటో తరగతి పిల్లకు అక్షరాలు దిద్దించాలంటే పక్కన కూర్చోవాలి. అదే సమయంలో అయిదో తరగతికి భిన్నాలు చెప్పాలి. నేను చేసేది ఏమిటంటే నాలుగు, అయిదు కలిపి బోర్డు మీద లెక్క ఇచ్చి, మూడో తరగతి అమ్మాయిని రెండో తరగతి వాళ్ల చదువు వినమని చెప్పి, నేను ఒకటో తరగతి దగ్గర కూర్చుంటాను. ఆ మూడో తరగతి అమ్మాయి తెలివైనది కాబట్టే ఆమెకు ఆ పని పడుతుంది, దానివల్ల ఆమె చదువే వెనకబడుతుంది. నాకు తెలుసు. నాకు సెలవు కావాలంటే ఇంకో బడి నుంచి ఎవరినైనా పంపాలి, లేదంటే బడి మూతే.

గ్రాంటు సంగతి కూడా చెబుతాను. ఇప్పుడు బడి ఖాతాలో డబ్బు ఉండదు. ఖాతా జీరో బ్యాలెన్సు, పైనుంచి ఇంతవరకు ఖర్చు చేయొచ్చని లిమిట్ మాత్రం ఇస్తారు, బిల్లు పెడితే అక్కడి నుంచి పోతుంది. ఆ లిమిట్ ఒకసారి మార్చి మూడో వారంలో వచ్చింది. షాపాయన బిల్లు, కమిటీ తీర్మానం, ఆన్‌లైన్‌లో ఎక్కించడం, సర్వర్. మార్చి 31 దాటితే లిమిట్ పోయినట్టే. జూన్‌లో చాక్‌పీసులు నేను నా డబ్బుతోనే కొన్నాను. నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. టౌన్ బడిలో అయితే ఈ పనికి ఒక క్లర్కు ఉంటాడు.

బైపాస్ రోడ్
మేడమ్, మీలాంటివాళ్ల గురించి కాదు నేనన్నది.

కొర్లగుంట
మరి ఎవరి గురించి అన్నా? 🙂

గోవిందరాజ వీధి
ఇదంతా 2022లో తెచ్చిన 117 జీవో పాపం. మూడు, నాలుగు, అయిదు తరగతులు తీసుకెళ్లి హైస్కూల్లో కలిపారు. ఊరి బడిలో ఒకటి, రెండు మిగిలాయి. అమ్మలు చిన్నవాణ్ణి ఇక్కడ, పెద్దవాణ్ణి అక్కడ ఎందుకని ఇద్దరినీ కాన్వెంటు ఆటో ఎక్కించేశారు.

పెద్దచెరువు
ఆ జీవో 2025లో రద్దయింది కదా, వెళ్లిపోయిన పిల్లలు తిరిగి వచ్చారా మరి? బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో 15 వేలకు పైగా బడులు బాగయ్యాయి, అది చెప్పరే?

గోవిందరాజ వీధి
రెండో విడత గదులు పునాదుల్లోనే ఆగాయి, అది మీరు చెప్పరే?

మోడరేటర్
ఇద్దరూ ఆగండి. తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. ఎవరి హయాం అన్నది వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. ఇక్కడ విషయం బడి డబ్బు.

శ్రీసిటీ షిఫ్టు
నేను సత్యవేడు దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తాను. సార్ రాసినదాంట్లో దాతలు, కంపెనీలు అని ఒక్క ముక్కలో దాటేశారు. అసలు తేడా అక్కడే ఎక్కువని నా అనుమానం.

2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 135 ఉంది. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. దాంతో ఏమవుతుందో చూడండి. ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న బడులకు బెంచీలు, ల్యాబులు, బాత్రూములు వస్తాయి. మంచిదే, నేనూ ఒక బడికి రంగులు వేయడానికి వెళ్లాను. కానీ ఫ్యాక్టరీ ఎక్కడుంటుంది? హైవే పక్కన, పోర్టుకు దగ్గరగా. కుప్పం కొండల్లోనో, ఎర్రావారిపాళెం అడవి అంచునో ఉండదు. మేడమ్ బడికి ఏ కంపెనీ వస్తుంది? మీటింగుల్లో ఎక్కువగా వినపడే మాట ఏమిటంటే ఎంతమంది పిల్లలకు ఉపయోగమో చూడాలని. పన్నెండు మంది ఉన్న బడి ఆ జాబితాలో పైకి రావడం కష్టం. ఫొటోకి కూడా చాలరు, తప్పుగా అనుకోకండి.

తిరుచానూరు పద్మ
నిజం. పూర్వ విద్యార్థులు కూడా అంతే. మా హైస్కూల్లో చదివినవాళ్లు డాక్టర్లయ్యారు, అమెరికా వెళ్లారు. వాళ్లే స్టేజీ కట్టించారు. పల్లె ప్రైమరీ బడిలో చదివినవాడు హోటల్లో పనిచేస్తుంటే ఏం కట్టిస్తాడు.

ఆస్టిన్‌లో చంద్రగిరోడు
మీరు చెబుతున్నది చదువుతుంటే నేనుండే టెక్సస్ గుర్తొస్తోంది. అమెరికాలో అన్ని బడులూ ఒకేలా ఉంటాయని మనవాళ్లు అనుకుంటారు, కాదు. ఇక్కడ బడి డబ్బులో పెద్ద భాగం ఆ ప్రాంతం ఇళ్ల పన్ను నుంచి వస్తుంది. ఇళ్లు ఖరీదైన చోట బడికి డబ్బు ఎక్కువ. మనవాళ్లు ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగ్ చూస్తారు కదా, ఆ రేటింగ్ ఇంటి ధరను ఇంకా పెంచుతుంది.

శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అని పేదల ప్రాంతం, అలమో హైట్స్ అని కలవారి ప్రాంతం. 1967-68 లెక్కల్లో ఎడ్జ్‌వుడ్ వాళ్లు ప్రతి వంద డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్లు పన్ను కట్టినా, పిల్లవాడికి స్థానిక పన్ను నుంచి వచ్చింది 26 డాలర్లే. అలమో హైట్స్ వాళ్లు 85 సెంట్లే కట్టారు, వాళ్లకు పిల్లవాడికి 333 డాలర్లు వచ్చాయి. పేదవాడు ఎక్కువ రేటు కట్టి తక్కువ పొందాడు. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. రోడ్రిగెజ్ అనే తండ్రి పేరు మీద కేసు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఓట్లతో కొట్టేసింది. చదువు అమెరికా రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదంది. తర్వాత 1989లో టెక్సస్ రాష్ట్ర కోర్టు రాష్ట్ర రాజ్యాంగం కింద ఈ పద్ధతి చెల్లదని చెప్పింది. 1993లో కలవారి ప్రాంతాల పన్నులో కొంత తీసి మిగతా చోట్లకు పంచే చట్టం తెచ్చారు. దాని మీద ఇప్పటికీ ఇక్కడ గొడవే.

రిటైర్డ్ లెక్కల సారు
మన దగ్గర ఆ వాదనకు చోటు లేదు. 1993లో సుప్రీంకోర్టు 14 ఏళ్ల వరకు చదువు హక్కేనని తీర్పిచ్చింది, ఆ కేసు పేరే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. 2002లో రాజ్యాంగ సవరణతో ఆ హక్కును రాసిన 21ఏ అధికరణ వచ్చింది. హక్కు ఉంది. ఎంత డబ్బు, ఎంతమంది టీచర్లు వస్తే ఆ హక్కు తీరినట్టో అడిగేవాడు లేడు.

బైపాస్ రోడ్
సరే, నేను కూడా కొంచెం చదివే వచ్చాను. మన రాష్ట్రంలోనే 2008 నుంచి నాలుగేళ్లు ఒక ప్రయోగం చేశారు. ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ వేసి ప్రైవేట్ బడికి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ఇద్దరికీ తేడా లేదు. ప్రైవేట్ బడి ఖర్చు మాత్రం మూడో వంతుకన్నా తక్కువ. తక్కువ డబ్బుతో అదే ఫలితం. దీనికేమంటారు?

రిటైర్డ్ లెక్కల సారు
నేనూ చదివాను, మంచి పరిశోధన. ఆ ఖర్చు ఎక్కడ తగ్గిందో కూడా అందులోనే ఉంది బాబూ. పల్లె ప్రైవేట్ బడుల్లో టీచరుకు ఇచ్చింది ప్రభుత్వ జీతంలో ఆరో వంతుకన్నా తక్కువ. ఊళ్లో డిగ్రీ చదివి ఇంకో పని దొరకని ఆడపిల్లలకు ఆ జీతం. దాన్ని పొదుపు అనాలా? ఫలితం విషయం ఇంకోటి చూడండి, ప్రైవేట్‌కు మార్చినా తెలుగు, లెక్కలు పెరగలేదు. అంటే ప్రభుత్వ టీచర్లు చెప్పడం లేదన్న మీ మొదటి పోస్టు నిలవదు.

డబ్బు పనిచేస్తుందా లేదా అన్నదాని మీద మన రాష్ట్రంలోనే ఇంకో అధ్యయనం ఉంది. బడులకు చెప్పకుండా గ్రాంటు ఇచ్చిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. మళ్లీ వస్తుందని ముందే తెలిసిన రెండో ఏడాది ఆ లాభం కనిపించలేదు. బడి ఇస్తుందిలే అని ఇంట్లో నోటుపుస్తకాలకు పెట్టే డబ్బు తగ్గించారు. తల్లిదండ్రులను తప్పుపట్టలేం, ఆ డబ్బు బియ్యానికి పోయి ఉంటుంది. గ్రాంటు ఊరికే పెంచితే చాలదని నేను ఒప్పుకుంటాను. ఇల్లు కొనలేనిదాని మీద పెట్టాలి. ఇల్లు నోటుపుస్తకం కొనగలదు, రెండో టీచరును కొనలేదు.

ఆస్టిన్‌లో చంద్రగిరోడు
ఇక్కడ 2015 ప్రాంతంలో వచ్చిన అధ్యయనం కూడా అటే పోతుంది. కోర్టు తీర్పుల వల్ల బడి ఖర్చు పన్నెండేళ్లూ 10 శాతం ఎక్కువ పొందిన పిల్లలు పెద్దయ్యాక సగటున 7 శాతం ఎక్కువ సంపాదించారు. పేద ఇళ్ల పిల్లల్లో అది ఇంకా ఎక్కువ, 10 శాతానికి దగ్గర. కలవారి పిల్లల మీద పెద్ద ప్రభావం కనిపించలేదు. వాళ్లకు ఇంట్లోనే అన్నీ ఉన్నాయి.

తోతాపురి
బంగారుపాళెం రైతును. మీ చర్చ బాగుంది, ఊళ్లో జరిగేది చెబుతాను. మామిడికి రేటు బాగున్న ఏడాది మా ఊరి బడిలో పిల్లలు తగ్గుతారు, ఆటో ఎక్కి కాన్వెంటుకు పోతారు. రేటు పడిపోయిన ఏడాది తిరిగి వస్తారు. కానీ టీచరు పోస్టు తిరిగి రాదు. తగ్గిన ఏడాదే లెక్కేసుకుని ఎత్తేస్తారు. మిగిలేది ఎవరు? కూలికి పోయేవాళ్ల పిల్లలు, ఎస్సీ కాలనీ పిల్లలు, ఎస్టీ పిల్లలు. అడిగే నోరున్నవాళ్లందరూ ముందే వెళ్లిపోయారు.

పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేట్‌లో చదివేవాళ్లకు కూడా వస్తుంది, 15,000లో 2,000 పోగా 13,000. మా ఇంటికీ వచ్చింది, వద్దని చెప్పను. మా ఊళ్లో చాలామంది దాన్ని ఆటో ఫీజుకు, కాన్వెంటు ఫీజుకు కట్టారు. అంటే ప్రభుత్వ డబ్బుతోనే ఊరి బడి ఖాళీ అవుతోంది.

ఏకోపాధ్యాయిని
ఇంకో నష్టం ఎవరూ గమనించనిది చెబుతాను. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. పూర్తిగా పేదపిల్లల కోసం పెట్టింది. కానీ అందులో రీజనింగ్ ప్రశ్నలుంటాయి, ప్రత్యేకంగా చెప్పాలి. లెక్కల టీచరు, సైన్సు టీచరు నిండుగా ఉన్న హైస్కూల్లో సాయంత్రం క్లాసులు పెడతారు, పది మందికి వస్తుంది. పోస్టులు ఖాళీ ఉన్న చోట అప్లికేషన్ తేదీ కూడా దాటిపోతుంది. నా దగ్గర అయిదు చదివి వెళ్లిన పిల్లల్లో ఇద్దరు అర్హులే అయినా అలా రాయలేదు. గురుకులం అయిదో తరగతి ప్రవేశ పరీక్ష కూడా అంతే. నాలుగో తరగతిలో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పిన పిల్లలకే సీటు.

కొర్లగుంట
మేడమ్, ఎన్ఎంఎంఎస్ గురించి నాకు ఇప్పుడే తెలిసింది. మా పాప ఏడో తరగతి. ఎవరిని అడగాలి?

ఏకోపాధ్యాయిని
హెడ్మాస్టరును అడగండి అక్కా, దరఖాస్తు బడి ద్వారానే వెళ్తుంది. ఆదాయ సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్ ఇప్పుడే సచివాలయంలో తీసి పెట్టుకోండి. చివరి వారంలో అక్కడ క్యూ ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు నా దగ్గరున్నాయి, ఇక్కడే పెడతాను.

బైపాస్ రోడ్
సార్, మీ రెండో టీచరు మాట ఒప్పుకుంటాను. కానీ ప్రతి 12 మందికీ ఇద్దరు టీచర్లంటే రాష్ట్రం భరించలేదు. మూడు ఊళ్ల పిల్లల్ని ఒక మంచి బడికి బస్సులో తీసుకెళ్లడమే తక్కువ ఖర్చు. ఇది కూడా లెక్కే.

రిటైర్డ్ లెక్కల సారు
లెక్కే, కాదనను. బస్సు నిజంగా ఉంటే నేనూ మీ వైపే. ఇప్పుడిచ్చేది బస్సు కాదు, రవాణా భత్యం, నెలకు 600 చొప్పున, అదీ ఆలస్యంగా. ఆరేళ్ల పిల్ల వాగు దాటి పోవాలంటే తల్లి కూలి మానుకుని తోడు వెళ్లాలి. ఆ కూలి ఏ పట్టికలోనూ ఉండదు. ప్రైమరీ బడి కిలోమీటరులోపు ఉండాలని మన నిబంధనల్లో రాసింది అందుకే.

పాకాల జంక్షన్
నాకు కావలసింది దొరికింది. ఇక పని చెప్పండి. మా అక్క పేరెంట్స్ కమిటీలో సభ్యురాలు, సంతకం పెట్టడం తప్ప ఇంకేమీ తెలియదంటుంది. వచ్చే మీటింగులో ఏం అడగాలి?

రిటైర్డ్ లెక్కల సారు
విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కూడా ఆ కమిటీయే, సెక్షన్ 22. మేడమ్‌ను నిలదీయవద్దని మీ అక్కకు చెప్పు, ఆమె చేతిలో ఏమీ లేదు. ఈ ఏడాది లిమిట్ ఏ తేదీన వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత వెనక్కి పోయింది అని అడిగి మినిట్స్‌లో రాయించండి. ఊళ్లో ఆరేళ్లలోపు పిల్లలెందరో అంగన్‌వాడీ నుంచి పేర్లతో రాయించుకోండి, రెండో పోస్టు అడగడానికి అదే ఆధారం. తీర్మానం నకలు ఎంఈఓకి, జిల్లా విద్యాధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. జవాబు రాకపోతే ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు వేయండి, మండలంలో ఏ బడికి ఎన్ని మంజూరైన పోస్టులు, ఎన్ని ఖాళీలు అని. ఒక్క బడి గురించి అడగకు. మండలం మొత్తం పక్కపక్కన పెడితేనే తేడా బయటపడుతుంది.

తోతాపురి
ఆ దరఖాస్తు నమూనా ఉంటే ఇక్కడే పెట్టండి సారూ. మా మండలానికి కూడా వేస్తాం.

రిటైర్డ్ లెక్కల సారు
రేపు రాసి పెడతాను. కళ్లజోడు మార్చాలి, ఫోన్‌లో అక్షరాలు కనిపించడం లేదు.

మోడరేటర్
నమూనా రాగానే మొదటి పోస్టు కింద పిన్ చేస్తాను. మేడమ్ పంపే ఎన్ఎంఎంఎస్ పాత పేపర్లు కూడా అక్కడే ఉంటాయి.